సీటు సంగతి సరే, ఆ మాత్ర మాటేమిటి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల పని, రోజంతా బండి మీదే తిరుగుడు. పిర్రల్లో మంట, తిమ్మిరి. ఉదయం డైక్లోఫెనాక్ ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుని బయల్దేరుతాను. ఇబ్బందేమీ లేదు. జెల్ సీటు మంచిదా, గాలి సీటు మంచిదా?
- ఒంగోలు పాఠకుడు

జవాబు: సీటు గురించి తర్వాత. ముందు ఆ మాత్ర ఎవరు రాసిచ్చారు బాబూ? మెడికల్ షాపు కుర్రాడేనా? ఎన్నాళ్లుగా మింగుతున్నారో రాయలేదు గానీ, టిఫిన్ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారంటే నెలల మాటే అయి ఉంటుంది. గ్యాస్ మాత్ర కాపాడితే కడుపును కాపాడుతుందేమో, కిడ్నీలను కాదు. ఒంగోలు ఎండలో చెమటలు కక్కుతూ, దారిలో మూత్రానికి ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడం కూడా మానేసి ఉంటారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాలు మూసుకుపోకుండా కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. మీ మాత్ర సరిగ్గా వాటినే ఆపేస్తుంది. బీపీనీ పెంచుతుంది. కడుపులో పుండు పడినా మీకు తెలియకపోవచ్చు. నొప్పి తెలియనివ్వకపోవడమే కదా ఆ మాత్ర పని! విరేచనం తారులా నల్లగా అయ్యాక తెలుస్తుంది. ‘ఇబ్బంది లేదు’ అని మీరు రాస్తే చాలదు, కిడ్నీల సంగతి తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చెప్పాలి. ఆ మాత్ర ఈరోజే ఆపండి. ఈ వారంలోనే బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఇక సీటు. కూర్చున్నప్పుడు మన బరువు మోయాల్సినవి పిర్రల కింద ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే అవి అందులో దిగబడి, బరువు మధ్యలో ఉండే నరాల మీద పడుతుంది. జెల్ అయినా, గాలి అయినా అంతే. మొదటి అరగంట హాయి, ఆ తర్వాత తిమ్మిరి. బొటనవేలితో నొక్కి చూసి సీటు కొనేవాళ్లంటే నాకు చిరాకు. గంట నడిపి చూడాలి. వెనక వెడల్పుగా, ముందు సన్నగా, మిమ్మల్ని ట్యాంకు మీదికి జార్చకుండా, కాస్త గట్టి ఫోముతో ఉంటే చాలు. సీట్లు కుట్టే షాపులో ఫోము మార్పించుకుంటే సరిపోతుంది. వెనక జేబులో పర్సు ఉంటే తీసేయండి. గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి.

మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారినా, మూత్రం బిగిసినా, పట్టు తప్పినా, కాళ్లలో బలం తగ్గినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మంచి సీటు వేయిస్తే మొలలు తగ్గుతాయా?

జవాబు: తగ్గవు. ఆకుకూరలు తినండి, నీళ్లు తాగండి, ముక్కడం మానండి. ఫోను బాత్రూము బయట పెట్టండి.

ప్రశ్న: 23 ఏళ్ల విద్యార్థిని. కాలేజీకి రోజూ స్కూటీ మీద వెళ్తాను. తోక ఎముక దగ్గర గడ్డ, చీము. ఇంటర్నెట్‌లో వెతికితే క్యాన్సర్ అని వచ్చింది. అమ్మకు కూడా చెప్పలేదు.

జవాబు: చెప్పమ్మా, ముందు అమ్మకు చెప్పు. నువ్వు రాసిన తీరు చూస్తే పైలోనిడల్ సైనస్‌లా ఉంది. వెంట్రుకలు చర్మంలోకి దిగి చీము పట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల్లో తిరిగిన అమెరికన్ సైనికులు వేలమంది దీనితోనే ఆస్పత్రుల్లో చేరారు. సర్జన్ చూస్తే రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. పిండకు, పసుపు పెట్టకు. రాత్రిళ్లు ఆ ఫోనులో వెతకడం మాత్రం ఆపెయ్.

ప్రశ్న: మా ఆయనకు 62. రిటైరయ్యి బుల్లెట్ కొన్నారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తారట. నడుం నొప్పి ఉంది. ఆ వయసుకు ఏ సీటూ పనికిరాదని మీరైనా చెప్పండి.

జవాబు: అలా చెప్పలేనమ్మా. మీ భయం సీటు గురించి కాదని నాకు తెలుసు. బీపీ, షుగరు, కంటిచూపు పరీక్ష చేయించండి. నొప్పి నడుం దాటి కాల్లోకి లాగుతుంటే ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. అన్నీ బాగుంటే వెళ్లనివ్వండి. వీలైతే మీరూ వెనకెక్కండి, కాళ్లు ఒకవైపు వేసి మాత్రం కూర్చోకండి, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోండి. తెల్లవారాకే బయల్దేరమనండి. రాత్రి 9 దాటితే శ్రీశైలం అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఎలాగూ ఆపేస్తారు.