గాలివేళ రేవునుండి పడవను వెడలించు విధము

మన గోపాల్‌పేటకు దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నది. శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలిచిన పిమ్మట, కొల్లాపురము చెంతనున్న సోమశిలయొద్ద నది సరస్సువలె విశాలమైనది. జలాశయము 885 అడుగుల పూర్తి మట్టమునకు నిండినపుడు ఆ వెడల్పున గాలికి అడ్డు తక్కువ. నదిమధ్యముననే పడవ నడుపుట కష్టమని పలువురు తలంతురు. నిజమునకు కట్టు విప్పిన మొదటి నిమిషమే మిక్కిలి కష్టమైనది. దీనికి కారణమేమో విచారింతము.

చుక్కాని తనంత తాను పడవను త్రిప్పజాలదు. నీరు దానిని ఒరసికొని పోవునపుడే దానికి బలము కలుగును. కావున నిలిచియున్న పడవకు చుక్కాని యుండియు లేనట్లే. గాలియో, కట్టు విప్పినతోడనే పనిచేయనారంభించును. గాలివేగము రెండింతలైనచో దాని త్రోపు నాలుగింతలగును. మఱియు ఎద్దులు తిరిగిన వైపునకే బండి వెనుకభాగము వచ్చును గాని, పడవ యట్లు కాదు. ముందుభాగమును ఎడమకు త్రిప్పిన వెనుకభాగము కుడికి జరుగును. ఇది యెఱుగనివారు పడవను గట్టునకో, ప్రక్క పడవకో తాకింతురు.

కాబట్టి మోకు విప్పుటకు ముందే చిటికెడు ధూళిని జారవిడిచి గాలి దిక్కు తెలిసికొనవలెను. పడవ గట్టు వెంబడి నిలిచియున్నదనుకొందము.

1. గాలి గట్టునుండి నీటివైపు వీచిన, అదియే పడవను వెడలించును. మోకులను మెల్లగా వదలిన చాలును.

2. గాలి గట్టు వెంబడి ముందునుండి వచ్చిన, ముందు మోకును మొదట విప్పి, గడతో ముందుభాగమును త్రోయవలెను. గాలి సందున జొచ్చి పడవను త్రిప్పును. వెనుకనుండి వచ్చిన, వెనుక మోకును మొదట విప్పవలెను.

3. గాలి పడవను గట్టునకే నొక్కుచుండిన, ముందుభాగమున గట్టిన మోకును వెనుకవైపుగా గొనిపోయి గట్టుమీది గుంజకు చుట్టి, కొనను పడవలోనే పట్టుకొనవలెను. తాకుచోట పాత టైరు వ్రేలాడగట్టవలెను. చుక్కానిని గట్టువైపు తిరుగుటకు వలె మరల్చి, యంత్రమును మెల్లగా ముందునకు నడపగా, మోకు పడవను పోనీయదు. వెనుకభాగము మాత్రము గట్టును విడిచి బయటికి వచ్చును. అంతట మోకును లాగుకొని, వెనుకకు నడిపి బయల్వెడలవలెను.

మన జాలరుల పుట్టికి ముందు వెనుకలు లేవు, చుక్కాని లేదు. గుండ్రని పుట్టిని గాలి యెటు త్రోసిన నటు పోవును. అందుచేత పుట్టివాడు తాను చేరవలసిన చోటికి ఎదురుగా బయలుదేరడు; గాలి వచ్చు వైపునకు గట్టు వెంబడి కొంతదూరము పోయి, పిమ్మట తెడ్డువేయును. యంత్రము లేని యతని యుక్తియు మనము చెప్పుకొన్న సూత్రమే: గాలితో పెనగులాడక, ముందుగానే దానికి లెక్క కట్టవలెను.

2007 జనవరిలో సింగోటము జాతర ప్రయాణికుల పడవ కృష్ణలో మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. భారము మితిమీరిన పడవ యంచు నీటికి దగ్గరగును; చిన్న యలయు లోనికి జొచ్చును. కావున పడవ యెక్కువారు జనులు మితముగా నున్నారా, ప్రాణరక్షక కవచములు గలవా యని చూచి మఱి యెక్కవలెను. గాలి మిక్కుటమైన దినమున మోకు విప్పకుండుటయు నావికవిద్యలో నొక పాఠమే.