వేరు పోయిన బత్తాయికి కొత్త వేరు: పక్క మొక్కతో అంటు కట్టే పద్ధతి

పై వీడియోలో మీరు చూసిన బత్తాయి చెట్టు వయసు పదకొండేళ్లు. నల్గొండ జిల్లాలోని మా తోటలో మొదలు దగ్గర బంక కారి, బెరడు సగానికి పైగా కుళ్లిపోయింది. మా నాయిన అయితే "పీకెయ్ రా, పొయ్యిలకన్నా పనికొస్తది" అన్నాడు. ఈరోజు ఆ చెట్టు కాపు మీద ఉంది. దానికి చేసిన పని, అందులో నేను చేసిన తప్పులు రెండూ చెప్తాను.

తప్పు ఎక్కడ జరిగింది?

బంక తెగులు ఫైటోఫ్తోరా వల్ల వస్తుంది. మొదలు దగ్గర తడి నిలిస్తే అది బెరడును తినేస్తుంది. నేను ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన కొత్తలో ఆచ్ఛాదనను మానుకు ఆనించి వేశాను. జీవామృతం కూడా మొదట్లోనే పోసేవాణ్ని. జీవామృతంలో గానీ, ఆచ్ఛాదనలో గానీ దోషం లేదు. నేను వేసిన చోటు తప్పు. నీరు, ఆహారం తీసుకునే పీచువేర్లు ఎక్కువగా కొమ్మల నీడ అంచు వైపు ఉంటాయి. మొదట్లో పోస్తే లాభం తక్కువ, తడి ఎక్కువ.

ఆలోచన ఎలా వచ్చింది?

జపాన్‌లో మేపుల్ బోన్సాయ్ పెంచేవాళ్లు మట్టిపైన కనిపించే వేర్ల అమరికను నెబారి అంటారు. ఒక పక్క వేరు లేకపోతే, అక్కడ చిన్న మేపుల్ మొక్కను మానుకు అతికించి దాని వేరునే చెట్టు వేరుగా మార్చేస్తారు. వాళ్లకది అందం కోసం. మనకు అదే పని చెట్టు ప్రాణం కోసం. డిప్లొమాలో ఇనార్చింగ్ అని చదువుకున్నది ఇదే, అప్పుడు పరీక్ష కోసం చదివి వదిలేశాను.

ఏ చెట్టుకు చెయ్యాలి?

గోరుతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తెల్లగా ఉంటే బాగున్నట్టు. గోధుమ రంగులో ఉంటే చచ్చినట్టు. పైన కొమ్మలు సగానికి పైగా ఎండిన చెట్టు మీద కష్టపడొద్దు. గ్రీనింగ్ తెగులు ఉన్న చెట్టుకు కూడా ఇది పనికిరాదు, ఎందుకంటే ఆ రోగం పైన కొమ్మల్లోనూ ఉంటుంది.

చేసే విధానం

1. రంగపూర్ నిమ్మ గింజ మొక్కలు తీసుకోండి. పెన్సిల్ లావు ఉండాలి. దీనికి బంక తెగులు అసలే రాదని కాదు, బత్తాయి మాను కంటే నయం.

2. మొదలు చుట్టూ తడి మట్టి తీసేసి, కుళ్లిన బెరడును గట్టి చెక్క వరకు గీకి ఆరనివ్వండి. గీకిన ముక్కలు తోటలో వదలొద్దు, కాల్చేయండి.

3. చెట్టుకు జానెడు దూరంలో మూడు వైపులా మూడు మొక్కలు నాటండి. గుంతలో ట్రైకోడెర్మా కలిపిన మాగిన పశువుల ఎరువు వేయండి. నేను మాఘంలో నాటి, తొలకరి తర్వాత కొత్త చిగురు వేసేటప్పుడు అంటు కట్టాను. అప్పుడు బెరడు తేలిగ్గా లేస్తుంది. వాన లేని రోజు చూసుకోండి.

4. కుళ్లు ఆగిన గీతకు కనీసం నాలుగు వేళ్ల పైన, మంచి బెరడు మీద తలకిందులు టీ ఆకారంలో గాటు పెట్టండి.

5. మొక్క తల కోసి, మాను వైపు నాలుగు సెంటీమీటర్ల ఏటవాలు కోత, వెనక వైపు చిన్న కోత పెట్టండి. ఆ కొనను గాటులోకి కింది నుంచి పైకి దూర్చండి. మొక్క కొంచెం విల్లులా వంగి ఉండాలి. బిగుతుగా ఉంటే గాలికి చెట్టు ఊగినప్పుడు అతుకు ఊడుతుంది.

6. సన్న మేకు ఒకటి కొట్టి, ప్లాస్టిక్ పట్టీతో కట్టి, నీరు దూరకుండా తేనెమైనం పూయండి. కత్తిని చెట్టు చెట్టుకూ నిప్పు మీద కాల్చి వాడండి.

7. నిమ్మ మొక్కకు వచ్చే పిలకలు గిల్లేస్తూ ఉండండి. వదిలేస్తే బలమంతా ఆ పిలకలకే పోతుంది. అతుకు గట్టిపడ్డాక పట్టీ విప్పండి, లేకపోతే బెరడును కోస్తుంది.

నా లెక్క

మొదటి ఏడాది నాలుగు చెట్లకు కట్టాను, నాలుగూ పోయాయి. కుళ్లిన అంచుకు మరీ దగ్గరగా గాటు పెట్టడమే కారణం. రెండో ఏడాది తొమ్మిదింటికి కట్టితే ఆరు నిలబడ్డాయి. చెట్టు తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది. మొదటి ఏడాది వచ్చిన పిందెలన్నీ నేనే తెంపేశాను, చెయ్యి రాలేదు గానీ తప్పలేదు.

తోట మొత్తానికి ఇది పరిష్కారం కాదు. అసలు మందు మొదలు పొడిగా ఉంచడమే. మాను చుట్టూ మట్టి ఎగదోసి, నీరు తగలకుండా రెండో కట్ట వేసి, దాని బయటే నీరు, జీవామృతం ఇవ్వండి. ఆచ్ఛాదన మానుకు మూరెడు దూరంలో ఆపండి. ఎగదోసిన మట్టి అంటు కట్టిన చోటును మాత్రం ఎప్పుడూ కప్పకూడదు.

మొన్న కోతకు వచ్చినప్పుడు నాయిన ఆ మూడు నిమ్మ కాళ్లను చేత్తో తడిమి చూశాడు. ఏమీ అనలేదు. తెల్లారి పక్క వరుసలో బంక కారుతున్న చెట్టు దగ్గర మూడు గుంతలు తీసి పెట్టి ఉన్నాయి.