రికాబు వదలాలి, రింగు వదలకూడదు

గుర్రపు జీను నుంచి వేలాడుతూ రౌతు పాదానికి ఆసరా ఇచ్చేది రికాబు. మన పాత మాట అంకవన్నె, ఇంగ్లిషులో స్టిర్రప్. ఇంటి డ్రాయింగులో ఇంజనీరు రాసే స్టిర్రప్ వేరు. అది నిలువు కమ్మీలను చుట్టి కట్టే కమ్మీ, మేస్త్రి దాన్ని రింగు అంటాడు. చెవిలోని ఒక బుల్లి ఎముకకూ రూపాన్ని బట్టి ఆ పేరే పెట్టారు.

గుర్రం మీద

రౌతు కింద పడితే పాదం రికాబులోంచి ఇట్టే ఊడి రావాలి. ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూటు వేసుకోండి. రికాబు బూటుకన్నా సుమారు అంగుళం వెడల్పుండాలి. అరికాలి ముందు భాగమే ఆనించి, మడమ కిందికి దించండి. చెప్పులతో ఎక్కవద్దు. బీచ్‌లో సరదా సవారీకి పిల్లల కాళ్లు అందలేదని తోలుపట్టీ సందులో దూర్చనివ్వవద్దు.

పిల్లరులో

అసలు పేచీ ఇక్కడే. కాంక్రీటు పోశాక రింగు కంటికి కనబడదు, కాబట్టి చూడాల్సింది పోత ముందు రోజే.

మొదట కొసలు చూడండి. రెండు కొసలూ 135 డిగ్రీల కోణంలో పిల్లరు లోపలికి వంగి ఉండాలి. 8 ఎంఎం రింగుకు వంపు తర్వాత కనీసం 65 మి.మీ. కొస మిగలాలని భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. లంబకోణంలో వంచి వదిలేస్తే ఒప్పుకోవద్దు. భూమి ఊగినప్పుడు పై కాంక్రీటు పెచ్చులూడుతుంది, ఆ కొస విచ్చుకుంటుంది, నిలువు కమ్మీలు బయటికి ఉబుకుతాయి. 2001లో భుజ్ భూకంపంలో కూలిన భవనాల్లో ఈ లోపం బయటపడింది. "ఇరవయ్యేళ్లుగా ఇలాగే కడుతున్నాం సార్" అంటాడు మేస్త్రి. ఆ ఇరవయ్యేళ్లూ అక్కడ భూమి గట్టిగా కదల్లేదు, అంతే. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో కదిలితే హైదరాబాద్, విజయవాడల్లోనూ తెలిసింది.

పిల్లరు పైనా కిందా, కనీసం 450 మి.మీ. మేర, రింగుల మధ్య దూరం 100 మి.మీ. దాటకూడదు. నిలువు కమ్మీలు సన్నవైతే ఇంకా దగ్గరగా కట్టాలి. దూలం వచ్చి కలిసే చోట చెయ్యి దూరదని రింగులు ఎగ్గొడతారు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. కొక్కేలన్నీ ఒకే మూలకు రానివ్వవద్దు, మూల మార్చి మార్చి కట్టించండి. కరెంటు పైపు కోసం రింగు కోయించవద్దు. కమ్మీల బయట ఉండాల్సిన కాంక్రీటు మందం (కవరు) కోసం కంకర రాయి పెట్టనివ్వవద్దు, సిమెంటు బ్లాకులే వాడండి. పోతకు ముందు ఫొటోలు తీసుకోండి.

చెవిలో

స్టిర్రప్ పేరున్న చెవి ఎముక పొడవు సుమారు 3 మి.మీ., ఒంట్లో అన్నిటికన్నా చిన్నది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ ఏదీ లోపలికి పోనివ్వవద్దు. పొరపాటున గుచ్చుకుని రక్తం వచ్చినా, తల తిరిగినా, వినికిడి తగ్గినా నూనె పోయకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.