స్కాన్‌లో కనిపించని మచ్చలు

"డాక్టర్ గారూ, స్కాన్‌లో కొత్త మచ్చలేమీ లేవన్నారు. మరి మా ఆయన పొద్దున చెప్పింది సాయంత్రానికి మరచిపోతున్నారేమండీ? కావాలనే చేస్తున్నారా?" ఎం.ఎస్. ఉన్నవారి ఇళ్ల నుండి మేము తరచుగా వినే ప్రశ్న ఇది. కావాలని కాదండీ.

మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.) వ్యాధిలో, మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో నరాల తీగలపై ఉండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగకు తొడుగు ఊడినట్లన్నమాట. మెదడు లోపలి తెల్లని భాగంలో తగిలిన దెబ్బలు ఎం.ఆర్.ఐ.లో మచ్చలుగా బాగానే కనబడతాయి.

మెదడు పైపొర సంగతి వేరు. కార్టెక్స్ అనే ఈ పొర మందం సుమారు 2 నుండి 4 మిల్లీమీటర్లే. జ్ఞాపకానికి, ఆలోచనకు ఇది ఎంతో ముఖ్యం. ఇక్కడ మైలిన్ సహజంగానే తక్కువ కనుక, అది పోయినా చిత్రంలో తేడా అంతగా తెలియదు. అందుకే మామూలు స్కాన్ ఇక్కడి మచ్చలలో చాలావాటిని పట్టలేదు. 1962లోనే బ్రౌనెల్, హ్యూస్ అనే పరిశోధకులు ఎం.ఎస్.తో మరణించిన 22 మంది మెదళ్లను పరీక్షించి, మచ్చలలో సుమారు నాలుగో వంతు పైపొరలోనో, దాని అంచునో, లోపలి బూడిదరంగు భాగాలలోనో ఉన్నాయని తెలిపారు. బ్రతికి ఉన్నవారిలో వాటిని చూడడమే కష్టమైంది.

ఎం.ఆర్.ఐ. అయస్కాంతం బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. ఆసుపత్రులలో ఎక్కువగా ఉండేవి 1.5 లేదా 3 టెస్లా యంత్రాలు. 7 టెస్లా యంత్రం భూమి అయస్కాంత శక్తికి లక్ష రెట్లకు పైమాటే. అమెరికాలో 2017లో దీనిని రోగుల పరీక్షకు అనుమతించారు. చిత్రం సన్నగా, స్పష్టంగా వస్తుంది కనుక పైపొర మచ్చలు మరిన్ని బయటపడతాయి. అయినా అన్నీ కాదు. మెదడు ఉపరితలానికి ఆనుకుని ఉన్నవి కొన్ని దానికీ చిక్కవు.

అయితే ఆ యంత్రం కోసం అప్పు చేసి పరుగెత్తాలా? అవసరం లేదు. వ్యాధి నిర్ధారణకు, మందుల నిర్ణయానికి 1.5, 3 టెస్లా స్కాన్లే ఆధారం. పైగా పేస్‌మేకరు, శరీరంలో లోహపు భాగాలు ఉన్నవారిలో చాలామందికి 7 టెస్లా పనికిరాదు.

మతిమరుపును మాత్రం దాచకండి. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ లోపం, బి12 తక్కువవడం, కొన్ని మందుల వల్ల కూడా అది రావచ్చు. వీటికి చికిత్స ఉంది. ఏ రోజు ఏమి మరచిపోయారో ఇంట్లోవారు ఒక నోటు పుస్తకంలో రాసి, ఈసారి వచ్చేటప్పుడు స్కాన్ ఫిల్ములతో పాటు తీసుకురండి.