పాత జవాబులు, కొత్త తిట్లు

ముప్పై ఏళ్ల కిందట, అందరూ ఇంటికెళ్లాక ఆఫీసు కంప్యూటర్లో దొంగచాటుగా ఆడిన ఆట 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'. 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ నుంచి వచ్చింది. రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ దాని రూపకర్తలు. మొన్న వేసవి సెలవుల్లో మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ ఆడాను. ఆ ఆట నేర్పిన పాఠాలివి.

1. తిట్లు తినందే నోరు రాదు. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే అమాయకుడికి సముద్రపు దొంగ కావాలని కోరిక. మూడు పరీక్షలు నెగ్గాలి: కత్తియుద్ధం, దొంగతనం, నిధివేట. కత్తియుద్ధంలో కత్తి పేరుకే, పనంతా నోటిది. అవతలివాడు ఒకటి అంటాడు, దానికి దిమ్మతిరిగే జవాబిస్తే మనది పైచేయి. మొదట్లో మనకేమీ రాదు కాబట్టి దారినపోయే ప్రతి దొంగ చేతిలోనూ ఓడాలి. వాడన్న మాట మన మూటలో పడుతుంది. దాన్ని ఇంకొకడి మీద ప్రయోగిస్తే, వాడికి జవాబు తెలిసుంటే అదీ మనదే.

మావాడు నాలుగుసార్లు ఓడి మౌస్ పక్కన పెట్టేశాడు. "తాతయ్యా, వీడు వేస్టు!" ఇంకాస్త ఓడరా అన్నాను.

అసలు మెలిక తర్వాత ఉంది. కత్తివిద్యలో ఆ దీవికంతటికీ మేటి అయిన కార్లా, మనం ఎన్నడూ వినని తిట్లే తిడుతుంది. జవాబులు మాత్రం మూటలో ఉన్న పాతవే. ఏది దేనికి అతుకుతుందో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. సమస్యాపూరణం తెలిసినవాళ్లు ఇక్కడ తప్పకుండా నవ్వుకుంటారు.

2. మిత్రుణ్ణి అనుమానించే ముందు చెట్టు మొద్దును అనుమానించు. అడవిలో ఒక మొద్దు ఉంది. అందులోకి దిగబోతే ఆట 22వ డిస్కు పెట్టమంటుంది, ఆపైన 36, ఆపైన 114. అదంతా వేళాకోళం. అది తెలియక, మిగతా ఫ్లాపీలు దాచుకున్నావని కాపీ ఇచ్చిన సహోద్యోగితో వారం రోజులు మాట మానేశాను. (దొంగల ఆటకు దొంగ కాపీ. ఆట తెరవడానికి ముఖాలు కలిపి చూసే అట్టచక్రం కూడా జిరాక్సే.) చాలామంది నాలాంటివాళ్లే కంపెనీకి ఫోన్లు చేశారట. తర్వాతి సీడీలో ఆ జోకు తీసేశారు.

3. అర్థంకాని జోకుకు బుర్రను తిట్టుకోవద్దు. వంతెన మీది భూతానికి ఎర్ర హెర్రింగ్ చేప ఇవ్వాలి. వంటగది వెనక వదులుగా ఉన్న చెక్కను తొక్కి తొక్కి సముద్రపు పక్షిని అదిలించి, ఆ చేప కొట్టేస్తే సరి. దృష్టి మళ్లించే వట్టి ఎరను ఇంగ్లీషులో 'రెడ్ హెర్రింగ్' అంటారని నాకు ఏళ్ల తర్వాత తెలిసింది. 1991 నాటి రెండో భాగంలో మరీ ఘోరం: పంపు తిప్పడానికి కోతినే రెంచిలా వాడాలి. ఆ పనిముట్టును అమెరికాలో మంకీ రెంచ్ అంటారట. మా వీధి మెకానిక్ పానా అంటాడు. పానాలో కోతిని ఎక్కడని వెతకను?

4. 2009లో కొత్త బొమ్మలతో వచ్చిన కూర్పులో ఎఫ్10 నొక్కితే పాత బొమ్మలు వస్తాయి. నొక్కండి.

5. తొందరపడకు. గైబ్రష్‌ను ఒక బరువైన విగ్రహానికి కట్టి సముద్రంలో పడేస్తారు. చుట్టూ కత్తులూ కటార్లూ ఉన్నా ఒక్కటీ అందదు. ఆ విగ్రహాన్నే ఎత్తుకుని నడిచి వచ్చేయొచ్చని అప్పట్లో నాకు రెండు రాత్రులు తట్టలేదు. పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని అతను గొప్పలు చెప్పుకుంటాడు. ఆటగాణ్ణి ఊరికే చంపకూడదన్నది గిల్బర్ట్ పట్టుదల. ఇక్కడ మాత్రం పది నిమిషాలు దాటితే నిజంగానే చస్తాడు.

జవాబు చెప్పబోతే మావాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండు తాతయ్యా, ముట్టుకోకు, చస్తాడో లేదో చూద్దాం." గోడ గడియారం కేసి చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. ఏడో నిమిషానికి మా ఆవిడ కాఫీ తెచ్చింది.