వేసవి సెలవులలో గణన జీవశాస్త్ర విద్య

వ్యాపార కుటుంబములలో ఒక పాత పద్ధతి కలదు. బిడ్డకు వయసు రాగానే కొంతకాలము మరియొకరి కొట్టులో కూర్చుండబెట్టుదురు. సొంత కొట్టులో వాడు యజమాని కుమారుడు. పరుల కొట్టులో పనివాడు. తూకము, పద్దు, మాటనేర్పు అక్కడనే పట్టుబడును.

శాస్త్రవిద్యలోను ఇట్టి ఏర్పాటు ఒకటి కలదు. కళాశాల విద్యార్థి వేసవిలో రెండు నెలలు ఒక పరిశోధనాలయమునకు పోయి, ఒక ఆచార్యుని చెంత పని నేర్చుకొనును. ధర్మపురిలో బి.ఎస్సీ., బి.టెక్. చదువు బిడ్డలుగల కుటుంబములు దీనిని గూర్చి ముందుగా తెలిసికొనుట మేలు. అందును గణన జీవశాస్త్రమను శాఖ లెక్కలయందు పట్టుగల ఇండ్ల బిడ్డలకు మిక్కిలి అనుకూలమైనది.

గణన జీవశాస్త్రమనగా నేమి?

జీవుల కణములలో డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. అందులోని అక్షరములు నాలుగే. ఆ నాలుగింటి వరుసయే ఆ జీవియొక్క ఆవర్జా పుస్తకము. మానవుని పుస్తకములో సుమారు 300 కోట్ల అక్షరములు కలవు. దానిని చదువుటకు 1990లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు పూనుకొని, 2003లో ముగిసినదని ప్రకటించిరి. అప్పటికి మిగిలిన ఖాళీలు దాదాపు అన్నియు 2022 నాటికి పూరింపబడినవి.

ఇన్ని కోట్ల అక్షరములను కంటితో సరిచూచుట ఎవరి తరము? రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన నుంచి, ఎక్కడ పద్దు తప్పినది, ఎక్కడ రెండుమారులు పడినది కంప్యూటరు చేత కనిపెట్టించి, ఆ భేదము వలన జీవికి ఏమగునో విచారించుటయే గణన జీవశాస్త్రము. రోగకారణములను వెదకుటకు, మందులు కనుగొనుటకు, పంటలను మెరుగుపరచుటకు ఇది తోడ్పడును. పాలక్కోడు మండీకి వచ్చు టమాటాకు కూడ ఇట్టి పుస్తకము కలదు. అది 2012లో వెలువడెను. అందలి 12 క్రోమోజోములలో అయిదవదానిని చదువుట భారత శాస్త్రజ్ఞుల వంతుగా జరిగెను.

దక్షిణదేశమున దీని మూలములు

ఈ విద్య కేవలము పరదేశపు సరుకు కాదు. 1963లో మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గారలు, ప్రోటీను గొలుసు ఏ కోణములలో వంగగలదో, ఏ కోణములలో వంగజాలదో లెక్కగట్టి ఒక పటము గీచిరి. నేటికిని ప్రోటీనుల రూపము సరిగా గుర్తింపబడినదా లేదా అని ప్రపంచమంతట ఆ రామచంద్రన్ పటముతోనే సరిచూతురు. 1962లో అల్లాడి రామకృష్ణన్ గారు మదరాసులో నెలకొల్పిన గణితశాస్త్ర సంస్థలో నేడు గణన జీవశాస్త్రము ఒక శాఖగా వెలయుచున్నది.

ప్రవేశించు మార్గము

మూడు విజ్ఞాన అకాడమీలు, అనగా 1934లో సి.వి. రామన్ గారు బెంగుళూరులో స్థాపించినదియు, ఢిల్లీ, అలహాబాదులలో నున్నవియు, కలసి యేటేటా వేసవి పరిశోధనా వేతనములు ఇచ్చుచున్నవి. ఎంపికైనవారు దేశములోని ఏదేని ఒక సంస్థలో సుమారు రెండు నెలలు పనిచేయుదురు. నెలవేతనమును, రాకపోకల ఖర్చును అకాడమీలే భరించును. ఇదిగాక బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధనా కేంద్రము వంటి సంస్థలు స్వంతముగా కూడ వేసవి విద్యార్థులను తీసికొనును. ధర్మపురి నుండి బెంగుళూరు రైలు మార్గమున కొద్ది గంటల ప్రయాణమే.

అక్కడ విద్యార్థి చేయు పని యిది. మొదట ఆచార్యుడిచ్చిన వ్యాసములను చదువును. పైథాన్ వంటి కంప్యూటరు భాషలో అభ్యాసము చేయును. లోకమునకు ఉచితముగా తెరచియున్న భాండారములనుండి వివరములు తెచ్చుకొని, ఒక చిన్న ప్రశ్నకు సమాధానము వెదకును. కడపట నివేదిక వ్రాసి, పదిమంది యెదుట నిలిచి చెప్పును. సమాధానము దొరకకపోవచ్చును. లెక్క కుదరనప్పుడు కుదిరినట్లు చూపక, ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయే అక్కడ నేర్చు మొదటి పాఠము. మంచి గుమాస్తాకును అదియే మొదటి పాఠము గదా!

పెద్దల సందేహములు

జీవశాస్త్రమనగానే అహింస పాటించు ఇండ్లలో కప్పను కోయుట జ్ఞప్తికి వచ్చును. ఆ కారణముచే ఆ చదువు మానిన బిడ్డలును కలరు. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము కళాశాలలలో జంతువులను కోయు అభ్యాసమును విరమింపవలెనని ఆదేశించెను. గణన జీవశాస్త్రములో విద్యార్థి చేతికి కత్తి రాదు, కంప్యూటరే పనిముట్టు. అయినను అతడు లెక్కించు వివరములు ప్రయోగశాలలనుండి వచ్చినవే. వానిలో కొన్ని జంతువులపై చేసిన ప్రయోగముల ఫలములు. కావున మొక్కల వివరములా, సూక్ష్మజీవుల వివరములా, మానవుల వివరములా అని ముందుగా ఆచార్యుని అడిగి పని నెంచుకొనవచ్చును. అట్లడుగుట తప్పు కాదు.

రెండవ సందేహము ఆడపిల్లలను గూర్చి. పెద్ద సంస్థలు పలువురకు వసతిగృహములు సమకూర్చును. తల్లిదండ్రులు ఒకమారు పోయి చూచి వచ్చినచో భయము తీరును. అన్నకు దొరకిన అవకాశము చెల్లెలికి లేకపోవుట న్యాయము కాదు.

మూడవది, వేసవిలో పెండ్లిండ్లు, కొట్టులో రద్దీ. రెండు నెలలు ఒక చేయి తగ్గును. నిజమే. ఈ రెండు నెలలతో ఉద్యోగము వచ్చునని చెప్పుటకును వీలులేదు. కాని తనకు ఈ దారి తగునా, తగదా అని ఇరువది యేండ్లకే తెలిసినచో, తరువాత పోవు నాలుగైదేండ్లు మిగులును. ఏ వర్తకుడును ఈ బేరమును నష్టమనడు.

చేయవలసినవి

వేసవి పని గదాయని వేసవి వరకు ఆగరాదు. అకాడమీల దరఖాస్తులకు గడువు సాధారణముగా అంతకుముందటి సంవత్సరాంతములోపలనే ముగియును. పట్టణములలోని పెద్ద కళాశాలల పిల్లలకు ఈ సంగతి తెలియును. చిన్న ఊళ్లవారు ఏప్రిల్ నెలలో విని విచారింతురు. తెలివి తక్కువయై కాదు, తేదీ తెలియకయే వెనుకబడుదురు.

కావున ఆగస్టు నెలలోనే విద్యార్థి ఆ యేటి ప్రకటనలను చూచి, అర్హతలు తెలిసికొనవలెను. తన్ను బాగుగా ఎరిగిన అధ్యాపకుని సిఫారసు లేఖ కోరవలెను. తాను ఏమి నేర్చుకొనగోరుచున్నాడో సొంత మాటలలో ఒక పుట వ్రాసి యుంచుకొనవలెను. పని నేర్పక, రొక్కము పుచ్చుకొని సర్టిఫికెట్టు మాత్రమిచ్చువారి చెంతకు పోరాదు. అది సరుకు లేని రసీదు.

ఇంటిలో దినచిట్టా వ్రాయు చేతికే డి.ఎన్.ఏ. పద్దులు సరిచూచు నేర్పును రాగలదు. దానికి కావలసినది సకాలములో పెద్దలిచ్చు ఒక్క అనుమతి.