హజ్ యాత్ర: ఆ ఐదారు రోజులు ఏమి జరుగుతుంది?

హజ్‌కు వెళ్ళబోయే ముస్లిము సోదరుడు ప్రయాణానికి ముందు బంధువుల ఇళ్ళకూ, ఇరుగుపొరుగు ఇళ్ళకూ వెళ్ళి, "తెలిసో తెలియకో ఏమైనా అని ఉంటే మన్నించండి" అని అడుగుతాడు. తీర్చవలసిన అప్పు తీర్చాలి. తిరిగి వచ్చేవరకు ఇంటివారి పోషణకు కావలసినది ఇచ్చిపోవాలి. ఆ తరువాతనే యాత్ర.

అలా మన గుమ్మంలోకి వచ్చిన సాయిబుగారిని సాగనంపాక, "వాళ్ళు అక్కడ రాయిని పూజిస్తారట కదా?" అని పిల్లలు అడుగుతారు. పెద్దలలో చాలామంది అవునని తల ఊపి ఊరుకుంటారు. అది న్యాయం కాదు. మనం బొమ్మలకు మొక్కుతామని, మరియతల్లిని దేవతగా కొలుస్తామని తెలియనివారు అన్నప్పుడు మనకెలా ఉంటుంది? ముస్లిములను గౌరవభావంతో చూడాలని, పాత తగాదాలు మరచి పరస్పరం అర్థం చేసుకోవాలని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లోనే కోరింది. కనుక ఈ వారం ఆ యాత్రను గూర్చి కొంచెం తెలుసుకుందాం.

ఇస్లాము విధించిన ఐదు ప్రధాన ధర్మాలలో హజ్ ఒకటి. శరీరంలో శక్తి, చేతిలో స్తోమత ఉన్నవారు జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. జిల్‌హజ్ మాసం 8వ తేదీన మొదలై 12న గాని 13న గాని ముగుస్తుంది. చాంద్రమాన సంవత్సరం మన సంవత్సరం కంటె 10, 11 రోజులు చిన్నది కాబట్టి హజ్ ఏటేటా ముందుకు జరుగుతూ, ఒకప్పుడు చలికాలంలో, ఒకప్పుడు మండుటెండలో వస్తుంది.

మక్కా పరిసరాలలో నిర్ణయించిన హద్దు దాటకముందే యాత్రికుడు స్నానం చేసి ఇహ్రాం ధరిస్తాడు. పురుషులకు అది కుట్టని రెండు తెల్లని వస్త్రాలు: నడుముకొకటి, భుజాలపై ఒకటి. స్త్రీలు తమ మామూలు నిండు దుస్తులలోనే ఉంటారు గాని ముఖానికి ముసుగు కట్టరు. ఇక అప్పటినుంచి అత్తరు పూయరాదు, గోళ్ళు, వెంట్రుకలు తీయరాదు, వేటాడరాదు, దాంపత్యం కూడదు, తగవులాడరాదు. "లబ్బైక్" అని ఎలుగెత్తి పలుకుతూ సాగిపోతారు. 'ప్రభూ, ఇదిగో వచ్చాను' అని దాని భావం. బాల సమూయేలు రాత్రివేళ దేవునికిచ్చిన జవాబు మనకు గుర్తుకు రాక మానదు.

మక్కాలో మొదటి పని తవాఫ్. కాబా మందిరాన్ని ఎడమచేతివైపు ఉంచుకుని ఏడుసార్లు చుట్టి రావడం. పిల్లలు అడిగిన నల్లరాయి ఆ మందిరం తూర్పు మూలన పొదిగి ఉంది. వీలైనవారు ముద్దుపెట్టుకుంటారు, గుంపులో వీలుకానివారు దూరంనుంచే చెయ్యెత్తి చూపుతారు. నీవు రాయివి మాత్రమే, మేలు గాని కీడు గాని చేయలేవు, ప్రవక్త నిన్ను ముద్దాడటం చూశాను గనుకనే నేనూ ముద్దాడుతున్నాను అని రెండవ ఖలీఫా ఉమర్ ఆ రాతితో అన్నట్లు వారి సంప్రదాయం చెబుతుంది. ఇంతకంటె స్పష్టమైన జవాబు అక్కరలేదు.

తరువాత సఫా, మర్వా గుట్టల మధ్య ఏడు మార్లు నడక. ఇక్కడ మనకు తెలిసిన తల్లి ఎదురవుతుంది. ఆమె హాగారు. ఆదికాండము 21వ అధ్యాయంలో ఆమె బేర్షెబా ఎడారిలో దప్పికతో పడివున్న బిడ్డను చూడలేక ఏడ్చింది, దేవుడు ఆమెకు బావిని చూపించాడు. ముస్లిముల సంప్రదాయం ఆ ఘట్టాన్ని మక్కాలో చూస్తుంది. తల్లి నీళ్ళకోసం ఆ రెండు గుట్టల నడుమ పరుగులు తీసిందనీ, అప్పుడు వెలికి వచ్చినదే జమ్‌జమ్ బావి అనీ వారి విశ్వాసం. రాజులైనా, కోటీశ్వరులైనా ఇంటినుంచి గెంటివేయబడిన ఒక దాసి అడుగుజాడలలో నడవాలి. ఈ యాత్ర మొత్తంలో ఆలోచించదగిన విషయం ఇదేనని నాకనిపిస్తుంది.

8వ తేదీ మినాలోని గుడారాలలో గడిపి, 9న అరఫాత్ మైదానం చేరతారు. హజ్‌కు ప్రాణం ఈ రోజే. ఇది తప్పితే హజ్ లేదు. మధ్యాహ్నంనుంచి పొద్దు గుంకేవరకు పాపక్షమాపణ కోరుతూ, కన్నీళ్ళతో, ఎవరి భాషలో వారు ప్రార్థిస్తారు. 632లో ప్రవక్త ముహమ్మద్ తన చివరి యాత్రలో ప్రసంగించినది అక్కడే. ఆ రాత్రి ముజ్దలిఫాలో ఆకాశం కిందనే పడక. చిన్న చిన్న గులకరాళ్ళు అక్కడే ఏరుకుంటారు.

10న మినాలో ఒక గోడపై ఏడు రాళ్ళు విసురుతారు. కుమారుని బలి ఇవ్వబోయిన అబ్రాహామును సాతాను అడ్డగించినప్పుడు అతడు రాళ్ళతో తరిమాడని దీని వెనుక కథ. ఆ కుమారుడు మనకు ఈసాకు. ఖురాను పేరు చెప్పదు గాని ముస్లిములలో అత్యధికులు ఇష్మాయేలు అంటారు. ఈ భేదాన్ని దాచనవసరం లేదు, దానిపై తగవూ అనవసరం. పిమ్మట బలి, తల గొరిగించుకోవడం, మళ్ళీ కాబా చుట్టూ ప్రదక్షిణ. జిల్‌హజ్ 10వ తేదీనే బక్రీద్. మిగిలిన రోజులలో మూడు గోడలపైనా రాళ్ళు వేసి, మక్కాకు వచ్చి వీడ్కోలు తవాఫ్ చేస్తారు.

ఇది సులువైన యాత్ర కాదు. 1990లో ఒక సొరంగ మార్గంలో తొక్కిసలాటకు 1,426 మంది బలయ్యారు. 2006 తొక్కిసలాట తరువాత రాళ్ళు వేసేచోట అంతస్తుల వంతెన కట్టినా, 2015లో మినాలో మళ్ళీ వందలాదిమంది మరణించారు. 2024లో ఎండ 50 డిగ్రీలు దాటి 1,300 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది అనుమతి పత్రం కొనలేక, చల్లని గుడారాలలో చోటు లేక ఎండలో నడిచిన పేదలే. అందరికీ ఒకే వస్త్రమైనా అందరికీ ఒకే నీడ దొరకడం లేదు. మన హైదరాబాదు పాత సంస్థానంవారికోసం నిజాములు మక్కాలో కట్టించిన రుబాత్ అనే సత్రం కొందరికైనా ఉచిత వసతి ఇస్తున్నది. కాబా దగ్గర ఆకాశాన్నంటే హోటళ్ళ నడుమ అది చిన్న మాట కాదు.

తిరిగివచ్చిన హాజీగారు ఖర్జూరాలు, ఒక చిన్న సీసాలో జమ్‌జమ్ నీళ్ళు తెచ్చి ఇస్తారు. పుచ్చుకోవచ్చునా అని కొందరు సంశయిస్తారు. అవి విగ్రహానికి అర్పించినవి కావు, బావి నీళ్ళు, చెట్టు పండ్లు. సంతోషంగా అందుకోండి. అరఫాత్‌లో ఆ రోజు ఎలా గడిచిందో ఆయననే అడగండి. పిల్లలచేత ఆ సాయంకాలం ఆదికాండము 21వ అధ్యాయం చదివించండి.